25 నిమిషాలు తీస్తే ఏం పోయింది? డి సికా సినిమాకు జరిగిన ఎక్స్‌పోర్ట్ కట్: ఒక ఎడిటర్ కేస్ స్టడీ

బయటి ఫెస్టివల్స్‌కూ ఓటీటీలకూ పంపే ప్రేమకథలకు లెంగ్త్ తగ్గించే పని నాకు అప్పుడప్పుడూ వస్తుంటుంది. నిర్మాతలు మారినా అడిగేది మాత్రం ఒకటే. "కథ అలాగే ఉండాలి, ల్యాగ్ పోవాలి. హీరో హీరోయిన్ల సీన్లు మాత్రం ముట్టుకోవద్దు." ఈ మధ్య ఒక చిన్న సినిమాకు మళ్లీ ఇదే మాట వచ్చింది. కత్తెర పట్టుకునే ముందు ఆ సినిమా డైరెక్టర్‌నీ, మా అసిస్టెంట్లనీ కూర్చోబెట్టి ఒక పాత ఇటాలియన్ సినిమా రెండు వెర్షన్లూ చూపించాను. అప్పుడు రాసుకున్న నోట్సే ఇది.

సినిమా పేరు 'స్టాజియోనే టెర్మినీ'. 1953లో వచ్చింది, దర్శకుడు విట్టోరియో డి సికా. అదే సినిమా 1954లో అమెరికాలో 'ఇన్‌డిస్క్రీషన్ ఆఫ్ యాన్ అమెరికన్ వైఫ్' అనే పేరుతో విడుదలైంది. డి సికా వెర్షన్ 89 నిమిషాలు, అమెరికా వెర్షన్ సుమారు 64. అంటే నాలుగో వంతుకు పైగా ఎగిరిపోయింది.

ఇటాలియన్ ప్రేమకథల్లో కోతలకు గురైనవి చాలానే ఉన్నాయి. వాటిలో దీన్నే ఎంచుకోవడానికి కారణం, రెండు వెర్షన్లూ బతికి ఉండటం. పాత సినిమాల డీవీడీలు వేసే క్రైటీరియన్ సంస్థ వాళ్లు రెండింటినీ ఒకే డీవీడీలో ఇచ్చారు. పైగా రెండూ ఇంగ్లీషే. చాలా ఎక్స్‌పోర్ట్ కట్లలో, అంటే బయటి దేశాల కోసం కోసిన వెర్షన్లలో, కోతతో పాటు డబ్బింగ్ కూడా మారుతుంది. అప్పుడు సినిమా తేడాగా అనిపించినా అది కోత వల్లా, గొంతు మారడం వల్లా అన్నది తేల్చలేం. ఇక్కడ ఆ గొడవ లేదు. అదే జెన్నిఫర్ జోన్స్, అదే మాంట్‌గమరీ క్లిఫ్ట్, అదే షూటింగ్. మారింది ప్రధానంగా ఎడిటింగే.

ఎవరు, ఎందుకు

నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్. 'గాన్ విత్ ద విండ్', 'రెబెకా' తీసిన మనిషి. హీరోయిన్ జెన్నిఫర్ జోన్స్ ఆయన భార్య. డి సికా అప్పటికే 'బైసికిల్ థీవ్స్'తో ప్రపంచమంతా తెలిసిన దర్శకుడు, కానీ 1952లో వచ్చిన 'ఉంబెర్టో డి' డబ్బులు రాల్చలేదు. ఒకరికి ఇటలీ వాస్తవికత తాలూకు పేరు కావాలి, ఇంకొకరికి హాలీవుడ్ డబ్బూ స్టార్లూ కావాలి. పెళ్లి కుదిరింది, కాపురం మాత్రం కుదరలేదు.

సెల్జ్నిక్ పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసే రకం. డి సికాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. రోజూ వచ్చే ఆ ఉత్తరాలన్నింటికీ సరేననేసి, తనకు తోచినట్టు తీసేవాడినని డి సికా తర్వాత చెప్పుకున్నాడు. మా ఫీల్డ్‌లో ఇది ఈరోజుకీ నడుస్తున్న పద్ధతే. చిక్కు ఏంటంటే, సెట్లో "సరే సార్" అని తప్పించుకున్న డైరెక్టర్ ఎడిట్ రూమ్‌లో తప్పించుకోలేడు. ఫైనల్ కట్, అంటే సినిమా చివరి రూపం తేల్చే హక్కు, నిర్మాత చేతిలో ఉంటే సెట్లో గెలిచిన ప్రతి గొడవా అక్కడ ఓడిపోతుంది.

మూలకథ సెజారే జవట్టీనిది. ఇంగ్లీషు మాటలకు అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీ పేరు పడింది. చిత్రీకరణ రోమ్‌లోని అసలు టెర్మినీ స్టేషన్‌లో, ఎక్కువగా రాత్రుళ్లు. 1950 చివర్లో ప్రారంభమైన కొత్త భవనం అది. పెద్ద పెద్ద అద్దాలు, పొడుగాటి హాలు, ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరి కంట పడే చోటు. ఇద్దరు దొంగచాటుగా కలుసుకోవడానికి ఇంతకంటే పనికిరాని జాగా ఉండదు. జవట్టీని కథకు కావాల్సింది సరిగ్గా అదే.

కథ చిన్నదే. మేరీ అమెరికన్ గృహిణి, ఒక బిడ్డ తల్లి. రోమ్‌లో బంధువుల ఇంటికి వచ్చి జొవాన్నీ అనే ఇటాలియన్ యువకుణ్ణి ప్రేమించింది. చెప్పకుండా వెళ్లిపోదామని స్టేషన్‌కు వస్తుంది. అతను వెతుక్కుంటూ వస్తాడు. వెళ్లనా, ఉండనా? ఒక రైలు వదిలేస్తుంది, ఇంకో రైలు ఎనిమిదిన్నరకు. మధ్యలో మేనల్లుడు పాల్ ఆమె సామాను తీసుకుని వస్తాడు. ఆ కుర్రాడు రిచర్డ్ బేమర్, తర్వాత 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో హీరో. ఆ పిల్లాడి ముందే జొవాన్నీ ఆమెను చెంపదెబ్బ కొడతాడు. మళ్లీ కలుస్తారు, పక్క లైన్‌లో ఆగి ఉన్న ఖాళీ బోగీలోకి వెళ్తారు, రైల్వే వాళ్లు పట్టుకుంటారు, పోలీసు కమిషనర్ ముందు నిలబెడతారు. ఆయన వదిలేస్తాడు. ఆమె రైలెక్కుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

టైమ్‌లైన్‌లో రెండు ట్రాకులు వేసి, ఒకదాని సౌండ్ మ్యూట్ చేసి, జంట ఉన్న షాట్లకు ఒక రంగు మార్కర్, మిగతా వాటికి ఇంకో రంగు పెట్టుకున్నాం. తీరు చూడగానే తెలిసిపోతుంది. జంట రంగు రెండు ట్రాకుల్లోనూ దాదాపు నిండుగానే ఉంది. రెండో రంగు అమెరికా వెర్షన్‌లో బాగా పలచబడింది.

ఆ రెండో రంగు ఎవరంటే, స్టేషన్ జనం. ఫాదర్లు, సైనికులు, సామాను మోసుకుపోయే కుటుంబాలు, వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్లు. ఒక్కొక్కరూ క్షణం కనిపించి వెళ్లిపోతారు. కథను ఒక్క అంగుళం కూడా ముందుకు జరపరు. స్క్రిప్ట్ ముందు పెట్టుకుని ఏ సీన్ లేపేయొచ్చు అని అడిగితే, ఏ ఎడిటరైనా మొదట వేలు పెట్టేది వీళ్ల మీదే. సెల్జ్నిక్ తెలివితక్కువవాడేం కాదు. కాగితం మీద ఆయన లెక్క సరైనదే.

తెర మీద ఏమైందో చెప్పడానికి ఒక్క సీక్వెన్స్ చాలు. బోగీలో పట్టుబడ్డాక మేరీ, జొవాన్నీలను స్టేషన్ గుండా నడిపించుకుంటూ తీసుకెళ్తారు. డి సికా వెర్షన్‌లో అప్పటికి మనకు ఆ స్టేషన్ ఒక ఊరిలా అలవాటైపోయి ఉంటుంది. థర్డ్ క్లాస్ వెయిటింగ్ హాల్లో కళ్లు తిరిగిన గర్భిణికి మేరీ సాయం చేసింది, ఆమె పిల్లలకు చాక్లెట్లు కొనిచ్చింది. అక్కడివాళ్ల దృష్టిలో ఆమె మంచి దొరసాని. ఇప్పుడు అదే స్టేషన్‌లో అదే మనిషి పోలీసుల మధ్య నడుస్తోంది. ఆ నడక మనకు భరించలేనట్టుగా ఉంటుంది. ఎందుకంటే చూస్తున్నవాళ్లు జూనియర్ ఆర్టిస్టులు కారు, మనకు తెలిసినవాళ్లు. నాలుగు మాటల డైలాగ్ అవసరం లేకుండానే ఆమె ఇంటికి ఎందుకు వెళ్లిపోతోందో అర్థమైపోతుంది.

పొట్టి వెర్షన్‌లోనూ ఆ నడక ఉంది. కానీ ముందున్న జనం పలచబడ్డాక ఇప్పుడు చూసే కళ్లకు బరువు లేదు. సీన్ నిర్మాత కోరినట్టు చకచకా వెళ్తుంది. సిగ్గు మాత్రం కనిపించదు. మా అసిస్టెంట్ ఒకమ్మాయి పొట్టిది ముందు చూసి, "ఇంత టెన్షన్ దేనికి సార్, టికెట్ లేకుండా బోగీ ఎక్కినట్టుంది అంతే కదా" అంది. పెద్దది చూశాక ఆ మాట అనలేదు.

ఇంకో సంగతి గడియారం. కథ జరిగే సమయం, సినిమా నడిచే సమయం డి సికా వెర్షన్‌లో దగ్గర దగ్గరగా ఉంటాయి. రైలు టైమ్ అంటే మనకూ అదే టైమ్. మేరీ "వెళ్తాను" అని, "ఉంటాను" అని, మళ్లీ "వెళ్తాను" అనడానికి మధ్య మనం కూడా ఆమెతో పాటు వెయిట్ చేశాం. 25 నిమిషాలు తీసేసరికి ఆ నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఊగిసలాట ఎక్కువైందని కోస్తే ఆమె ఇంకా నిలకడ లేనిదానిలా కనిపించింది. ల్యాగ్ తీసేటప్పుడు నేను ఎప్పుడూ భయపడేది దీనికే. ఒక పాత్ర తేల్చుకోలేకపోవడాన్ని వేగంగా చూపిస్తే, అది తిక్కలా కనిపిస్తుంది.

ఇక పూర్తిగా సాంకేతికమైన విషయం. ఎడిటింగ్‌లో దారినపోయే జనం షాట్లకు ఇంకో ఉపయోగం ఉంది. అవి కట్ అవేలు. ఇద్దరి మధ్య సంభాషణలో ఒక ముక్క తీసేయాలంటే, మధ్యలో పక్కవాడి షాట్ ఒకటి పెట్టి అతుకు కనపడకుండా దాచుకుంటాం. ఆ షాట్లనే తీసేస్తే అతుకుల మీద కప్పడానికి మిగిలేవి రెండే: క్లోజప్, సంగీతం. సెల్జ్నిక్‌కు తన భార్య క్లోజప్‌లు ఎక్కువగా ఉండాలన్న కోరిక ముందునుంచీ ఉంది, డి సికాకు దూరం నుంచి మనిషినీ చోటునీ కలిపి చూపడం ఇష్టం. ఆ కోరిక ఆయన అభిరుచి కావచ్చు. కానీ ఈ రకం కోతకు క్లోజప్‌లు ఎటూ అవసరం పడతాయి. సంగీతం కూడా అంతే. అలెస్సాండ్రో చికొన్యీని బాణీలు పెద్ద వెర్షన్‌లో స్టేషన్ రొద మీద తేలుతుంటాయి. రొద తగ్గిన చోట అవే బాణీలు మరీ ఎక్కువగా వినిపిస్తాయి. నా చెవికి పొట్టి వెర్షన్ ఎక్కువ ఏడుపుగొట్టుగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

పేరు మార్పు గురించి ఒక్క మాట. ఇటలీలో సినిమాకు ఒక చోటు పేరు ఉంది. అమెరికాలో ఒక ఆడమనిషి చేసిన తప్పు పేరైంది. ఎడిట్ ఎటు జరిగిందో పోస్టర్ మీదే రాసినట్టయింది.

దీనికి కొసరు ఒకటుంది. అంతా కోసేశాక 64 నిమిషాలు ప్రధాన చిత్రానికి చాలదని తేలింది. అందుకని గాయని ప్యాటీ పేజ్ చేత పాటలు పాడించి, సుమారు 8 నిమిషాల లఘుచిత్రం తీసి ముందు అతికించారు. పాటలకు ఆధారం చికొన్యీని బాణీలే. కథతో, స్టేషన్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. రోమ్ జనాన్ని నిడివి ఎక్కువైందని పంపించేసి, న్యూయార్క్‌లో ఒక గదిలో పాట పెట్టి నిడివి నింపుకున్నారన్నమాట. పాట పెట్టి లెంగ్త్ లాగడం మన తెలుగువాళ్ల కనిపెట్టుడు అనుకునేవాళ్లకు ఇది చూపిస్తుంటాను.

అమెరికా వెర్షన్‌కు దక్కిన గుర్తింపు ఏంటంటే, జెన్నిఫర్ జోన్స్ దుస్తులకు క్రిస్టియన్ డియోర్‌కు ఆస్కార్ నామినేషన్. జనం పోయాక కంటికి ఆనేవి ఆమె బట్టలేగా మరి.

విస్కోంటీ: త్వరగా

ఇంకో ఇటాలియన్ దర్శకుడు లుకీనో విస్కోంటీ తీసిన 'సెన్సో' (1954) ఇంగ్లీషు వెర్షన్ 'ది వాంటన్ కౌంటెస్' అసలు దానికంటే అరగంట దాకా చిన్నది. 1866 యుద్ధం, ఇటలీ రాజకీయం వెనక్కి పోయి కౌంటెస్, ఆస్ట్రియన్ ఆఫీసర్‌ల వ్యవహారం ముందుకొచ్చింది. తమాషా ఏంటంటే, సెట్లో ఆ జంటగా నటించిన అలీడా వల్లీ, ఫార్లీ గ్రేంజర్ ఇంగ్లీషులో మాట్లాడారు. ఆ మాటలకు అమెరికన్ రచయితలు టెనసీ విలియమ్స్, పాల్ బౌల్స్ పనిచేశారు. అంటే ఎక్స్‌పోర్ట్ కాపీలోనే నటుల అసలు గొంతులు ఉన్నాయి. 'అసలు వెర్షన్' అనేది కూడా పూర్తిగా విస్కోంటీది కాదు. క్లైమాక్స్‌ను ఇటలీలోనే మార్పించారు, ఆయన మొదట తీసింది ఆఫీసర్ మరణశిక్ష కాదు.

విస్కోంటీదే 'ఇల్ గట్టోపార్డో' (1963) కాన్స్ ఫెస్టివల్‌లో అగ్ర బహుమతి పామ్ డోర్ గెలిచింది. ఇటలీలో మూడు గంటలకు పైగా ఉన్న సినిమాను అమెరికాలో ట్వంటీయత్ సెంచురీ ఫాక్స్ 161 నిమిషాలకు దించింది. ఇంగ్లీషు డబ్బింగ్‌ను చూసుకున్నది తర్వాత పేరున్న దర్శకుడైన సిడ్నీ పొలాక్, అప్పటికి కుర్రాడు. రంగులూ పాడయ్యాయి. ఇది నా సినిమా కాదని విస్కోంటీ బాహాటంగానే అన్నాడు. హీరో బర్ట్ లాంకాస్టర్ సొంత గొంతు వినాలంటే మాత్రం మళ్లీ ఆ కాపీకే వెళ్లాలి. ఈ రెండింటినీ కొలమానంగా వాడకపోవడానికి కారణం ఇదే, ఒకేసారి చాలా మారిపోయాయి.

ఎదురు ఉదాహరణ

డైరెక్టర్ కుర్రాడు ఇక్కడ అడ్డు తగిలాడు. "అయితే కోస్తే ఎప్పుడూ పాడవుతుందంటారా? 'సినిమా పారడీసో' సంగతేంటి?" సరైన ప్రశ్న. జుసెప్పె తొర్నాతోరె ఆ సినిమా 1988లో ఇటలీలో 155 నిమిషాలతో విడుదలై సరిగా ఆడలేదు. 124 నిమిషాలకు తగ్గించాక 1989లో కాన్స్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి, 1990లో ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్. ప్రపంచం ప్రేమించింది పొట్టిదాన్నే. 2002లో 173 నిమిషాల వెర్షన్ అమెరికాలో విడుదలైంది.

పొట్టిదానిలో హీరో సాల్వతోరె కుర్రప్పటి ప్రేయసి ఎలెనా ఊరు వదిలాక ఇక కనపడదు. ఊరి సినిమా హాలు ప్రొజెక్షనిస్ట్ ఆల్ఫ్రెడో అతనికి తండ్రిలాంటివాడు, పల్లెత్తు మాట అనలేం. పెద్ద వెర్షన్‌లో నడివయసు సాల్వతోరె ఆల్ఫ్రెడో అంత్యక్రియలకు ఊరొచ్చి ఎలెనాను కలుస్తాడు. ఆ పాత్రలో బ్రిజిట్ ఫోసే. రాత్రి, సముద్రం పక్కన, కారులో. అప్పుడు తెలుస్తుంది, విడిపోయిన రోజు అతన్ని కలవడానికి ఆమె వచ్చింది. వీణ్ణి వదిలేయమని ఆమెకు నచ్చజెప్పి పంపింది ఆల్ఫ్రెడోనే. ఆమె రాసిపెట్టి వెళ్లిన చీటీ ప్రొజెక్షన్ గదిలో పాత కాగితాల మధ్య అన్నేళ్లూ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చివర్లో వచ్చే ముద్దుల రీలు చూడండి. ముద్దు సీన్ వద్దని ఊరి ఫాదర్ గంట మోగించిన చోటల్లా ఆల్ఫ్రెడో రీల్లో కాగితం ముక్క గుర్తుగా పెట్టి, తర్వాత కత్తిరించి పక్కన పడేసిన ముద్దులవి. చనిపోయేముందు అన్నింటినీ అతికించి సాల్వతోరెకు వదిలివెళ్లాడు. పొట్టిదానిలో అది కానుక. పెద్దదానిలో అది బాకీ తీర్చడం, బహుశా క్షమాపణ. నీ జీవితంలోంచి ఒక ముద్దును నేనే కత్తిరించాను, ఇదిగో మిగతావన్నీ తీసుకో అన్నట్టు. ఒక్క ఫ్రేమ్ మారలేదు. మోరికోనే సంగీతం అదే. ముద్దులు కత్తిరించడం గురించిన సినిమాను కత్తిరిస్తే, ఆ కత్తిరించినవాడు మహానుభావుడైపోయాడు.

నాకు పొట్టిదే మెరుగైన సినిమా. కారు సీన్లో మాటలు ఎక్కువ, విషయాన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పేస్తుంది. కానీ అది మెరుగైనంత మాత్రాన అదే సినిమా కాదు. పెద్దది ఒక ప్రేమకథ, అందులో ఒక ద్రోహం ఉంది. పొట్టిది సినిమా హాలు మీద బెంగ.

టెర్మినీకీ దీనికీ పోలిక అక్కడే. టెర్మినీలో జంట సీన్లను, పారడీసోలో కుర్రప్పటి ప్రేమ సీన్లను పెద్దగా ముట్టుకోలేదు. తీసింది ఆ ప్రేమకు అడ్డుపడిన మూడో మనిషిని. టెర్మినీలో ఆ మూడో మనిషి జనం, పారడీసోలో ఆల్ఫ్రెడో చేసిన పని. అడ్డు పోగానే విడిపోవడానికి కారణం మారిపోతుంది. మేరీ జనం కళ్లకు జడిసి వెళ్లిపోయినట్టు కాక, మనసు మార్చుకుని వెళ్లినట్టు ఉంటుంది. ఎలెనా దూరమైంది ఒకడి నిర్ణయం వల్ల కాక, కాలం వల్ల అన్నట్టు ఉంటుంది. పారడీసోకు కాలం అనే కారణం సరిపోయింది, ఎందుకంటే మిగతా సినిమా అంతా కాలం గురించే. టెర్మినీకి మనసు మారడం అనే కారణం సరిపోలేదు, ఎందుకంటే ఆ గంటన్నరలో మారడానికి స్టేషన్ తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఒక సీన్ లేపేసే ముందు నేను అడిగేది ఇంతే: ఇది పోయాక వీళ్లిద్దరూ ఎందుకు విడిపోయినట్టు కనిపిస్తుంది? ఆ కొత్త కారణాన్ని మిగిలిన సినిమా మోయగలదా?

మా పనికి వాడుకున్నది

మా చేతిలో ఉన్న సినిమాలో ఒక జంట మేడ మీద గదిలో అద్దెకుంటారు, పెళ్లి కాలేదన్న సంగతి దాచి. కింద ఇంటి ఓనరమ్మ, ఆమె అత్తగారు. నిర్మాత లిస్టులో మొదటి కోత ఆ ఇద్దరి సీన్లే. "ఫారిన్ వాళ్లకు ఈ అద్దె గొడవ ఎక్కదు, జంట మీద ఉండండి" అన్నారు.

పై ప్రశ్న వేసుకుని చూస్తే, ఓనరమ్మ లేకపోతే ఆ పిల్ల గది ఖాళీ చేసి పుట్టింటికి వెళ్లడానికి మిగిలే కారణం ఇద్దరి మధ్య ఒక చిన్న గొడవ. ఆ గొడవ సీన్ అంత బరువు మోయలేదు. కాబట్టి కోత వేరే వైపు నుంచి మొదలుపెట్టాం. పాటల్లో రిపీటైన బైక్ షాట్లు, హీరో ఎంట్రీ, ఫ్రెండ్స్ కామెడీ, ఒకే విషయాన్ని రెండోసారి చెప్పే ఫోన్ సీన్లు. అంటే జంట ఉన్న భాగాల్లోంచే ఎక్కువ తీశాం. ఓనరమ్మ సీన్లలో మాటలు తగ్గించి చూపులు ఉంచాం. నిర్మాత అడిగిన లెంగ్త్‌కు దాదాపు వచ్చేసింది.

తేలనిది ఒక్క సీన్. అత్తగారు మంచినీళ్ల బిందె దించి, ఆ పిల్ల మెడ వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతుంది. మంగళసూత్రం కోసం చూసిందని మనకు చెప్పక్కర్లేదు. బయటి ప్రేక్షకుడికి అది ఒట్టి ముసలావిడ చూపు. సబ్‌టైటిల్ వేయడానికి అక్కడ మాటే లేదు. నిర్మాత దగ్గర పాయింట్ ఉందని ఒప్పుకోవాల్సిందే. డైరెక్టర్ మాత్రం ప్రాణం పోయినా తీయనంటున్నాడు. ఆ సీన్ ఉన్న కాపీ ఒకటి, లేనిది ఒకటి తీసి ఇద్దరికీ పంపాను. జవాబు ఇంకా రాలేదు, ఫెస్టివల్ గడువు నెలాఖరుకే.